ముగ్గురు, మళ్లీ ముగ్గురు

"ఇది ఎంత పవరమ్మా?"

24 ఏళ్లుగా ఫార్మసీ కిటికీ దగ్గర నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇది. మందు పేరు ఎవరూ అడగరు. అడిగినా ఆ పేర్లు నోరు తిరగవు. పవర్ మాత్రం తెలియాలి. పక్క మంచం ఆవిడకి 140 ఎక్కిస్తున్నారు, మావిడకి 106 ఏంటి, మేం డబ్బులు తక్కువ కట్టామనా అని ఒకాయన నన్ను నిలదీశాడు కూడా.

నా పని కీమో మందులు కలపడం. డాక్టరు రాసిన చీటీ లోపలికొస్తుంది. రెండు జతల గ్లౌజులు తొడుక్కుని, వెనక ముడి వేసే గౌను వేసుకుని, గాజు తలుపు కింద నుంచి క్యాబినెట్‌లోకి చేతులు పెడతాను. వయల్‌లోంచి సిరంజితో లాగుతాను. గీత దగ్గర ఆవగింజంత బుడగ ఉన్నా వేలితో తట్టి పైకి పంపి మళ్లీ చూస్తాను. పక్కనున్న అమ్మాయి చీటీ చదువుతుంది, నేను గీత చదువుతాను. ఇద్దరి అంకె ఒకటైతేనే మందు సెలైన్‌లోకి వెళుతుంది. ఇంత జాగ్రత్తగా కొలిచే ఆ అంకె అసలెక్కడ పుట్టిందని ఉద్యోగంలో చేరిన ఐదారేళ్ల దాకా నాకూ తట్టలేదు. చీటీలో ఉంది, కలిపాను, అంతే.

సగం అంకె ఆస్పత్రిలోనే, బరువు చూసే మిషను దగ్గర పుడుతుంది. ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 48 కిలోల మనిషిని తీసుకుందాం. రెండూ గుణిస్తే 7200. దాన్ని 3600తో భాగిస్తే 2. దాని వర్గమూలం 1.41. అంటే ఆవిడ ఒంటి మీది చర్మాన్నంతా నేల మీద పరిస్తే ఒకటిన్నర చదరపు మీటర్లకు కాస్త తక్కువ, చిన్న దుప్పటంత అన్నమాట. డోసిటాక్సెల్ అనే మందు చదరపు మీటరుకు 75 మిల్లీగ్రాములు అనుకుంటే ఆవిడకి 106. పక్క మంచం ఆవిడ ఎత్తరి, బరువూ ఎక్కువ, అందుకే 140. డబ్బులతో పని లేదు. ఈ లెక్క మోస్టెల్లర్ అనే ఆయన 1987లో సులువు చేసిపెట్టింది. ఇందులో ఒక తమాషా ఉంది. ఎత్తు గడిలో బరువు, బరువు గడిలో ఎత్తు రాసేసినా జవాబు మారదు. హడావిడిలో మేం చేసే పొరపాట్లలో ఒకదాన్ని క్షమించే సూత్రం ఇదొక్కటే.

అంతకుముందు వాడిన సూత్రం డుబాయిస్‌లది, 1916 నాటిది. దాన్ని తయారు చేయడానికి వాళ్లు కొలిచింది 9 మందిని. అవును, తొమ్మిది మందినే. దశాబ్దాల పాటు ప్రపంచమంతా కీమో లెక్కలు ఆ తొమ్మిది ఒళ్ల నీడలో నడిచాయి.

చర్మానికీ క్యాన్సర్ మందుకీ ఏమిటి సంబంధం అని మీరడగొచ్చు. నేనూ అడిగాను. మందు ముందు ఎలుకకిచ్చి, తర్వాత కుక్కకో కోతికో ఇచ్చి, చివరికి మనిషి దగ్గరికి వస్తుంది. ఒక్కో జంతువు ఎంత మందు తట్టుకుందో కిలోల లెక్కన పోలిస్తే పొంతన కుదరలేదు. చర్మం వైశాల్యం లెక్కన పోల్చి చూస్తే ఎలుకా కుక్కా కోతీ మనిషీ దాదాపు ఒకే గీత మీదికొచ్చారు. 1966లో ఫ్రైరైక్ అనే డాక్టరు బృందం ఈ పోలిక అచ్చువేసింది. ఎలుక నుంచి మనిషికి దాటడానికి వేసుకున్న ఆ వంతెన, ఇప్పుడు మనిషికీ మనిషికీ మధ్య కూడా వాడుతున్నాం. దీనికంటే మంచి దారి చాలా మందులకు ఇంకా దొరకలేదు. కార్బోప్లాటిన్ మాత్రం వేరే దారి పట్టింది. అది బయటికి పోయేది ముఖ్యంగా కిడ్నీల గుండా కాబట్టి, 1989లో కాల్వర్ట్ అనే ఇంగ్లండ్ డాక్టరు చర్మాన్ని పక్కనపెట్టి, కిడ్నీలు నిమిషానికి ఎంత వడకడుతున్నాయో చూసి డోసు కట్టే సూత్రం ఇచ్చాడు. నాకు ఆ సూత్రమంటే ఇష్టం. మందు వెళ్లే దారిని చూసి మందు కొలవడం పద్ధతిగా ఉంటుంది.

బరువు గురించి ఒక్క మాట. నేను వెనక పనిచేసిన ఒక ఆస్పత్రిలో నాలుగో సైకిల్, అంటే నాలుగో విడత చీటీలో ఒకావిడ బరువు 57 అని ఉంది. ముందురోజు ఆవిడ కిటికీ దగ్గర నిలబడితే చూశాను. చేతికున్న గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఇంకోసారి తూయించమంటే 48 వచ్చింది. మొదటి సైకిల్‌నాడు తూచిన అంకెనే ఎవరో ప్రతిసారీ దింపుకుంటూ వచ్చారు. మీ ఇంట్లో ఎవరైనా కీమోకి వెళుతుంటే ప్రతిసారీ బరువు తూయించండి. చెప్పులు విప్పి, చేతిసంచి కింద పెట్టి.

ఇక రెండో సగం. చదరపు మీటరుకు 75 అన్నారే, ఆ 75 ఎక్కడిది?

ఆ సంగతి నాకు తెలిసింది పరిశోధన విభాగంలో పనిచేసిన మూడేళ్లలో. అక్కడ మార్కెట్‌కి రాని మందులు ఉండేవి. డబ్బా మీద పేరుండదు, అక్షరాలూ అంకెలూ ఉంటాయి. వాటి మొదటి దశ పరీక్షలో తేల్చాల్సింది ఒకటే: ఈ మందు మనిషికి ఎంతవరకు ఇవ్వొచ్చు? క్యాన్సర్ తగ్గుతుందా అన్నది తర్వాతి దశల సంగతి.

మామూలు మందులైతే మొదటి పరీక్ష ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద చేస్తారు. కీమో మందు అలా ఇవ్వడానికి లేదు. అది విషం, ఆ సంగతి దాచిపెట్టి లాభం లేదు. అందుకని గడ్డ ఇతర భాగాలకు పాకి, ఉన్న మందులన్నీ వాడేసినవాళ్లలో, లేచి తిరగగలిగే ఓపిక ఉన్నవాళ్లని అడుగుతారు. మొదటి మెట్టు చాలా కిందుంటుంది. ఎలుకల్లో నూటికి పదింటికి తీవ్రమైన హాని చేసిన మోతాదులో పదోవంతు. కుక్క వంటి జంతువుల లెక్కైతే, తీవ్రమైన హాని చేయని అత్యధిక మోతాదులో ఆరోవంతు. అక్కడి నుంచి నిచ్చెన. పాత పద్ధతిలో రెండో మెట్టు మొదటిదానికి రెట్టింపు. తర్వాతి మెట్టుకు 67 శాతం పెంపు, ఆ తర్వాత 50, 40, 33. పైకి పోయేకొద్దీ మెట్లు దగ్గర పడతాయి.

ఒక్కో మెట్టు మీద ముగ్గురు. మందు ఎక్కించి మూడు నాలుగు వారాలు కనిపెట్టుకుని ఉంటారు. తెల్లకణాలు ఎంత పడ్డాయి, ప్లేట్‌లెట్లు ఎన్ని, నోరు పూసిందా, విరేచనాలు ఎన్నిసార్లు, కిడ్నీ, లివర్ ఎలా ఉన్నాయి. ప్రతిదానికీ 1 నుంచి 5 దాకా గ్రేడు వేస్తారు. 3, 4 అంటే గట్టి దెబ్బ. 5 అంటే చావు. ముందే రాసిపెట్టుకున్న జాబితాలోని గట్టి దెబ్బ తగిలితే దాన్ని మేం డీఎల్‌టీ అనేవాళ్లం, ఇక పైకెక్కకు అని చెప్పే దెబ్బ. ముగ్గురిలో ఎవరికీ తగలకపోతే ఇంకో ముగ్గురితో పై మెట్టుకు వెళతారు. ఒకరికి తగిలితే అదే మెట్టు మీద ఇంకో ముగ్గురిని చూస్తారు. ఇద్దరికి తగిలితే ఆగిపోతారు. దాని కింది మెట్టే మనిషి తట్టుకోగల గరిష్ఠ మోతాదు. తర్వాత వచ్చే వేలమందికి ఇచ్చే డోసు దాదాపు అక్కడే కుదురుకుంటుంది.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. ఇక్కడ మెతుకులన్నీ ఒకేలా ఉడకవు. పదిమందిలో ముగ్గురిని గట్టిగా దెబ్బతీసే మోతాదు ఉందనుకోండి. దాన్ని ముగ్గురికిస్తే ఒక్కరికీ ఏమీ కాకుండా దాటిపోయే అవకాశం మూడోవంతుకు పైనే. కాగితం మీద 0.7ని మూడుసార్లు గుణించి చూసుకోండి, 0.343 వస్తుంది. ఈ లోపం లెక్కలవాళ్లకి ఎప్పుడో తెలుసు. 1990లోనే ఓక్విగ్లీ, పెపె, ఫిషర్ అనే ముగ్గురు, ప్రతి రోగి ఫలితాన్నీ కలుపుకుంటూ తర్వాతి డోసును లెక్కగట్టే పద్ధతి చెప్పారు. అయినా డాక్టర్లు చాలాకాలం ముగ్గురు-ముగ్గురి పద్ధతినే పట్టుకుని ఉన్నారు. వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు కదా, అదీ దాని బలం.

ఈ వ్యవహారమంతా నాకంటే బాగా చెప్పినాయన ఒకరున్నారు. గుంటూరు జిల్లా మిర్చి రైతు, 60 దాటిన మనిషి. ఊరు పేరు చెప్పను. ఆయన్ని నేను బాబాయ్ అనేదాన్ని, ఆయన నన్ను అమ్మాయ్ అనేవాడు. పెద్దపేగు క్యాన్సర్, లివర్‌కి పాకింది. మా దగ్గర సంతకం పెట్టించుకునే తెలుగు కాగితం ఒకటుండేది. "మోతాదు పరిమితి నిర్ధారక విషప్రభావము" అని అందులో ఒక మాట, డీఎల్‌టీకి తెలుగట. ఎవరు అనువదించారో కానీ వాళ్లింట్లో వాళ్లకైనా అర్థమయ్యుండదు. ఆయన చదివి కళ్లజోడు తీసి, "ఇదేందమ్మాయ్, పురుగుమందు డబ్బా మీద రాసినట్టుంది" అన్నాడు. నేను నిచ్చెన, మెట్లు చెప్పాను. కాసేపాగి ఆయనన్నాడు:

"ఎకరాకి ఇంతని డబ్బా మీద రాసుంటది. మేం నమ్మం. పక్కోడు ఎంత కొట్టాడో అడిగి దాని మీద ఇంకో మూత పోస్తాం. పురుగు సంగతి తర్వాత, ముందు ఆకు మాడుద్ది. ఆ డబ్బా మీద అంకె రాయడానికి ఎవడో ముందు ఒక మడిలో కొట్టి, ఆకు మాడిన చోట ఆగుంటాడు. ఇప్పుడు మేం ఆ మడి. అంతేనా?"

అంతే. దీనికంటే సూటిగా నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

"మరి నాకు తగ్గుద్దా?" అని అడిగాడు. దానికి జవాబు చెప్పాల్సింది డాక్టరు, చెప్పారు కూడా. నాకు తెలిసిన లెక్క మాత్రం ఇది. 1991 నుంచి 2002 దాకా అమెరికాలో జరిగిన 460 మొదటి దశ పరీక్షలను, దాదాపు 12 వేలమంది రోగులను కలిపి 2005లో ఒక లెక్క తీశారు. గడ్డ చెప్పుకోదగ్గంత తగ్గినవాళ్లు నూటికి 10.6 మంది. మందు వల్లే చనిపోయినవాళ్లు 0.49 శాతం, అంటే రెండొందలకు ఒకరు. పాత మందులతో కలిపి ఇచ్చిన పరీక్షలు కూడా ఆ పదిలో ఉన్నాయి. మనిషికి మొట్టమొదటిసారి ఇచ్చే ఒంటరి కీమో మందు విషయంలో అందులో సగం కూడా ఉండదు. సంతకం పెట్టే చాలామందికి ఈ తేడా చెవికెక్కదు. కొత్త మందు అంటే మంచి మందు అనే వింటారు. బాబాయి విన్నాడు, తలూపాడు, సంతకం పెట్టాడు. ఎందుకు పెట్టావని నేనడగలేదు. ఖాళీగా కూర్చోలేనని ఆయనే ఎవరితోనో అంటుంటే విన్నాను.

క్షేమమైన డోసు అంటే మిల్లీగ్రాముల అంకె ఒక్కటే అనుకుంటే తప్పులో కాలేసినట్టే. ఆముదం కథ వినండి.

రొమ్ము, అండాశయం, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు వాడే పాక్లిటాక్సెల్ పుట్టింది అమెరికా పడమటి తీరంలో పెరిగే యూ చెట్టు బెరడులో. 1960ల్లో దాన్ని వేరుచేసినవాళ్లు మన్రో వాల్, మన్‌సుఖ్ వాణి. వాణి బొంబాయిలో చదువుకుని అమెరికా వెళ్లినాయన. మందు బానే ఉంది కానీ నీళ్లలో కరగదు. చివరికి ఆముదం నుంచి తయారుచేసిన ఒక ద్రావకం, సగానికి సగం ఆల్కహాలు కలిపి అందులో కరిగించారు. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట చేలల్లో పండే ఆ ఆముదం జాతే. 1980ల మధ్యలో మనుషులకు ఇవ్వడం మొదలుపెట్టారు. మెట్లు ఎక్కుతుండగానే కొందరికి మందు లోపలికి వెళ్లిన నిమిషాల్లో ఊపిరాడలేదు, బీపీ పడిపోయింది. ప్రాణాలూ పోయాయి. చాలాచోట్ల పరీక్షలు ఆపేశారు. మందు అక్కడితో చెత్తబుట్టలోకి పోవాల్సిందే.

పోలేదు. ఎందుకంటే కొంతమంది మొండివాళ్లు అంకె మార్చకుండా పద్ధతి మార్చారు. గబగబా ఎక్కించే మందును 24 గంటల పాటు చుక్కలు చుక్కలుగా ఇచ్చారు. దానికి ముందు స్టెరాయిడ్, అలర్జీ ఇంజెక్షన్లు వేశారు. దెబ్బ తగ్గింది. 1992 చివర్లో అమెరికాలో అనుమతి వచ్చింది. ముందు మందులు సరిగ్గా వేస్తే 24 గంటలు అక్కర్లేదు, 3 గంటలు చాలని తర్వాత తేలింది. ఇప్పుడు మా డే కేర్‌లో 175 మిల్లీగ్రాముల లెక్కన 3 గంటల్లో ఎక్కించేది అదే. దోషంలో చాలా భాగం ఆ ద్రావకానిదని కూడా తేలింది. ఆముదం లేకుండా, అల్బుమిన్ అనే ప్రోటీన్‌కి మందును అతికించి చేసిన ఇంకో రకం 2005లో వచ్చింది. దాని డోసు 260, అరగంటలో ఎక్కిస్తారు. మందు అదే మందు.

ఈ ద్రావకం ఇప్పటికీ మమ్మల్ని వేధిస్తూనే ఉంటుంది. మామూలు ప్లాస్టిక్ సంచిలో పోస్తే ప్లాస్టిక్‌ని మెత్తబరిచే రసాయనాన్ని లాక్కొస్తుంది. అందుకని గాజు సీసా, వేరే రకం గొట్టం, దారిలో సన్నని ఫిల్టరు. మొదటి 15 నిమిషాలు నర్సు పక్కనుంచి కదలదు. "నడుం పట్టేసినట్టుంది సిస్టర్", "మొహం వేడెక్కుతోంది" అని పేషెంటు అన్నారంటే ఎవరినీ అడక్కుండా క్లిప్పు మూసేయడమే. ఆ 15 నిమిషాల వెనక 1980ల నాటి ఆ నిచ్చెన ఉంది. సిస్‌ప్లాటిన్ కథా ఇలాంటిదే. కిడ్నీలను పాడుచేస్తోందని దాదాపు వదిలేసే స్థితికొచ్చింది. ముందూ వెనకా సీసాల కొద్దీ సెలైన్ ఎక్కిస్తే ఆ దెబ్బ చాలావరకు తప్పుతుందని తెలిశాక నిలబడింది. "మందు కంటే నీళ్లే ఎక్కువ ఎక్కిస్తున్నారు" అని సణిగేవాళ్లకి నేను చెప్పేది ఇదే, ఆ నీళ్లు కూడా డోసులో భాగమే.

మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి మందు తీసుకుంటే ఇంకా విచిత్రం. ఆయన లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లానికి పోటీగా పనిచేసే మందులు తయారుచేయించాడు. వాటిలో అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకిచ్చాడు. 16 మందిలో 10 మందికి కొన్నాళ్లైనా గుణం కనిపించిందని 1948లో రాశాడు. ఆ ఏడాదే సుబ్బారావు గారు కన్నుమూశారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ నా అలమరలో రెండుచోట్ల ఉంటుంది. కీళ్లవాతానికి వారానికి ఒక్కరోజు 15 మిల్లీగ్రాములు. ఎముక క్యాన్సర్ వచ్చిన పిల్లాడికి చదరపు మీటరుకు 12 గ్రాములు, ఒకటిన్నర చదరపు మీటర్ల ఒంటికి 18 గ్రాములు. వెయ్యి రెట్లకు పైన! ఇచ్చిన మర్నాటి నుంచి ల్యూకోవోరిన్ అనే విరుగుడు వేళ తప్పకుండా వేస్తూ, రక్తంలో మందు ఎంత మిగిలిందో కొలుస్తూ పోతారు. విరుగుడు ఆలస్యమైతే ఆ డోసు విషం. ఇక ఆ చిన్న మాత్ర సంగతి. వారానికి ఒక్కరోజు వేసుకోమన్నదాన్ని రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. అందుకే స్ట్రిప్పు మీద "సోమవారం మాత్రమే" అని ఎర్ర పెన్నుతో రాసిస్తాను. మోకాళ్ల నొప్పి ఇవాళ ఎక్కువుందని ఇంకోటి వేసుకునే అత్తగార్లు నాకు బాగా తెలుసు, మా అత్తగారితో సహా.

పైమెట్టే మంచి మెట్టనే నమ్మకం ఈ రంగాన్ని చాలాకాలం ఏలింది. కీమో క్యాన్సర్ కణాల్ని ఏ మోతాదుకు ఆ మోతాదు చంపుకుపోతుంది కాబట్టి, మనిషి తట్టుకోగలిగినంతా ఇవ్వాలన్నది లెక్క. 1980లు, 90ల్లో రొమ్ము క్యాన్సర్ స్త్రీలకు ఎముక మజ్జ పూర్తిగా మాడిపోయేంత కీమో ఇచ్చి, ముందే తీసిపెట్టిన వాళ్ల మూలకణాలతో మళ్లీ లేపే వైద్యం జోరుగా సాగింది. 1999లో పెద్ద పరీక్షల ఫలితాలొస్తే లాభం కనబడలేదు. ఒక్క దక్షిణాఫ్రికా డాక్టరు బెజ్‌వోదా మాత్రం అద్భుతమన్నాడు. మరుసటి ఏడాది వెళ్లి రికార్డులు తిరగేస్తే అవి బూటకమని తేలింది.

ఆ రోజుల్లోనే, 1994 డిసెంబరులో, బోస్టన్ గ్లోబ్ పత్రికలో ఆరోగ్య శీర్షిక రాసే బెట్సీ లేమన్ చనిపోయింది. 39 ఏళ్లు. డానా-ఫార్బర్ అనే పేరున్న క్యాన్సర్ కేంద్రంలో, హెచ్చు డోసుల పరీక్షలో చేరింది. సైక్లోఫాస్ఫమైడ్ నాలుగు రోజులకు కలిపి ఇవ్వాల్సిన మొత్తాన్ని ఎవరో ఒక్కరోజు డోసుగా చదివారు. నాలుగు రోజులూ అలాగే ఇచ్చారు. అంటే నాలుగు రెట్లు. ఏదో తేడాగా ఉందని ఆవిడ చెబుతూనే ఉంది. హెచ్చు డోసులో ఇవన్నీ మామూలే అన్నట్టు నడిచిపోయింది. తప్పు బయటపడింది రెండు నెలల తర్వాత, పరీక్ష అంకెలు నమోదు చేసేవాళ్లు కాగితాలు చూస్తుంటే. చీటీ మీద "మొత్తం" అనీ "రోజుకు" అనీ విడివిడిగా రాయమని నేను కుర్ర డాక్టర్ల ప్రాణం తీసేది ఆవిడ కోసమే. వాళ్లకి ఆవిడ పేరు తెలియదు, ఫార్మసీ ఆంటీకి చాదస్తం అనుకుంటారు.

ఈ మధ్య గాలి మారింది. కొత్త మందులు చాలావరకు పాత కీమోలాంటివి కావు. క్యాన్సర్ కణం మీది ఒక తాళంలో దూరే తాళంచెవుల్లాంటివి. తాళాలన్నీ పడ్డాక ఇంకా చెవులు పోసి ఏం లాభం? అయినా నిచ్చెన పైదాకా ఎక్కి అక్కడి డోసే ఖాయం చేస్తూ వచ్చారు. 2021లో అమెరికా ఎఫ్‌డీఏ ప్రాజెక్ట్ ఆప్టిమస్ పేరుతో ఈ అలవాటు మార్చుకోమంది. ఎంత తట్టుకుంటారో చూడ్డంతో ఆగకండి, రెండు మూడు డోసుల్ని పక్కపక్కన పెట్టి ఏది మేలో చూపండి అని. అదే ఏడాది ఊపిరితిత్తుల క్యాన్సర్ మాత్ర సోటోరాసిబ్‌ని రోజుకు 960 మిల్లీగ్రాములకు అనుమతిస్తూనే, 240తో పోల్చి చూడమని కంపెనీకి షరతు పెట్టింది.

మన దేశంలో ఈ ప్రశ్న డబ్బు వైపు నుంచి వచ్చింది. నివోలుమాబ్ ఇంజెక్షన్ రెండు వారాలకోసారి 240 మిల్లీగ్రాములంటే ఇక్కడ ఎంతమంది కొనగలరు? ముంబై టాటా మెమోరియల్ వాళ్లు తల, మెడ క్యాన్సర్ రోగులకు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. దాంతోపాటు చవక మాత్రలు, వాటిలో సుబ్బారావు గారి మెథోట్రెక్సేట్ ఒకటి. మాత్రలు మాత్రమే వాడినవాళ్లలో ఏడాదికి బతికున్నది 16.3 శాతం. ఈ 20 మిల్లీగ్రాములు కలిపితే 43.4 శాతం. 2023లో అచ్చయింది. ఆ వ్యాసం ప్రింటు తీసి మా క్యాబినెట్ గది తలుపు లోపలి వైపు అంటించాను.

బాబాయి దగ్గరికి వస్తాను. ఆయన చేరింది నాలుగో మెట్టు. వారానికోసారి ఎక్కించే మందు. ఆ మెట్టు మీద మొదటి ముగ్గురిలో ఒకరికి ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. అందుకని మళ్లీ ముగ్గురు. బాబాయి ఐదోవాడు. నాలుగు వారాలు దాటితే లెక్క పూర్తవుతుంది.

ప్రతివారం వచ్చి వాంతి మాత్రలు తీసుకుని, ఇంట్లో ఏమేం జరిగిందో రాసిన పుస్తకం కిటికీలోంచి ఇచ్చేవాడు. మొదటి రెండు వారాలూ ఆయన చేతిరాతే, గింజలు పేర్చినట్టు గుండ్రంగా. మూడోవారం రాత మారింది. "కోడలు రాసింది, నాకు కళ్లజోడు కనపళ్లా" అన్నాడు. నాలుగోవారం వచ్చినప్పుడు బనీను మీద తువ్వాలు కప్పుకుని వచ్చాడు. డిసెంబరు నెల. పొద్దున్నే ఆటోలో దిగిన మనిషి.

"చొక్కా ఏది బాబాయ్?"

"ఉక్కగా ఉందమ్మాయ్."

మాత్రల కవరు అందిస్తే రెండు అరచేతుల మధ్య నొక్కిపట్టుకుని తీసుకున్నాడు. వేళ్లతో కాదు.

నేను బయటికెళ్లి పక్కన కూర్చున్నాను. చాలాసేపు మాట్లాడలేదు. వేళ్లు మొద్దుబారి పది రోజులైందట. చెబితే పరీక్షలోంచి తీసేస్తారని భయం. డాక్టరు వచ్చినప్పుడు "అంతా బానే ఉంది సార్" అని గట్టిగా చెప్పమని కొడుక్కి కూడా నేర్పాడట. ఆయన్ని తప్పుపట్టలేను. నేనైనా అదే చేసేదాన్నేమో.

మా గ్రేడుల పుస్తకంలో దీనికి చాలా సన్నని గీత ఉంది. నరాలు మొద్దుబారి డబ్బులు లెక్కపెట్టుకోవడం, ఫోను నొక్కడం లాంటి పనులు చేసుకోలేకపోతే అది గ్రేడ్ 2. తన ఒంటికి తాను బట్టలు వేసుకోలేకపోతే, అన్నం కలుపుకోలేకపోతే గ్రేడ్ 3. చొక్కా బొత్తాం పెట్టుకోలేకపోవడం 3. గ్రేడ్ 3 డీఎల్‌టీ. బనీను తొడుక్కున్నాడు కాబట్టి ఎవరూ బొత్తాల గురించి అడగలేదు.

డాక్టరుకి చెప్పాను. ఆవిడ తన తెల్లకోటు విప్పి ఆయన చేతికిచ్చి, బొత్తాం పెట్టమంది. ఆయన ప్రయత్నించాడు. రెండుసార్లు. తర్వాత కోటు మడతపెట్టి, మడత కూడా సరిగా కుదరక, ఆవిడ టేబుల్ మీద పెట్టేశాడు.

వారం పాటు నాతో మాట్లాడలేదు. నర్సుని పంపి మాత్రలు తెప్పించుకున్నాడు. ఆయన్ని పరీక్షలోంచి తీసేయలేదు. వేళ్లు కాస్త తేరుకునేదాకా ఆపి, కింది మెట్టు డోసుకి దించారు. ఆ మెట్టు మీద ఇంకో రెండు సైకిళ్లు అయ్యాయి. స్కాన్‌లో గడ్డ పెరిగింది. ఊరికి వెళ్లిపోయాడు. ఆ మందు మార్కెట్‌కి రాలేదు, తర్వాతి దశలో ఆగిపోయింది. పరీక్ష చివరి పట్టికలో నాలుగో మెట్టు ఎదురుగా "6లో 2" అని ఉంది. మూడో మెట్టు పక్కన చుక్కగుర్తు పెట్టారు.

వెళ్లేముందు ఆఖరిసారి కిటికీ దగ్గరికొచ్చాడు. చొక్కా వేసుకున్నాడు, నీలం గీతలది. తువ్వాలు పక్కకి జరిపి చూపించాడు. బొత్తాలు పీకేసి కోడలు టిచ్ బటన్లు కుట్టింది. అరచేత్తో ఒకటి నొక్కాడు. టిక్ అని పడింది.

"చూశావా అమ్మాయ్," అన్నాడు, "ఇదైతే నీ పుస్తకంలో ఎంతేస్తారు?"